ఎర్ర పెన్సిలు, రెండు ఒకట్లు

మార్చి 2, సోమవారం

ఉదయం 6.40. కొత్త నోటుపుస్తకం. కొత్త పెన్ను. కొత్త మనిషిని.

తీర్మానం: ఇవాళ్టి నుంచి ముప్ఫై రోజులు ఎవరితోనూ "సరేనండీ" అనను!

కారణం: నిన్నటి చెప్పుల దుకాణం. తొడిగిన బూట్లు బిగుతుగా ఉన్నాయి. "వాడగా వాడగా వదులవుతాయి, కట్టేయమంటారా?" అన్నాడు దుకాణదారు. "సరేనండీ" అన్నాను. ఇంటికొచ్చి కుంటుతుంటే అమ్మమ్మ నా మడమ చూసింది.

"అందరూ పాదానికి సరిపోయేవి కొంటారే. నువ్వు కొట్టువాడి మాటకి సరిపోయేవి కొన్నావు" అంది.

జబ్బు పాతదే. పన్నెండేళ్ళు కాన్వెంటులో చదివాను. సిస్టర్ ఏమడిగినా నలభై మందిమీ ఒక్క గొంతుతో "యెస్ సిస్టర్" అనేవాళ్ళం. బడి వదిలాక ముప్ఫై తొమ్మిది మంది మానేశారు.

నియమాలు:
1. "సరేనండీ" నిషిద్ధం.
2. తల ఊపినా అన్నట్టే లెక్క.
3. దాని బదులు అనవలసిన మాట: "ఆలోచించి చెప్తానండీ."

మూడోది అద్దం ముందు పదిసార్లు అన్నాను. తొమ్మిదిసార్లు అద్దంలో అమ్మాయికి నవ్వొచ్చింది. పదోసారి నమ్మింది.

సాయంత్రం 6.15. ఇవాళ్టి సరేలు: సున్నా!! నిజానికి ఇవాళ నాతో ఎవరూ మాట్లాడలేదు. అయినా సున్నా సున్నాయే.


మార్చి 3, మంగళవారం

పెద్ద వార్త.

మా ఆఫీసులో విజ్ఞాన పదకోశం తయారవుతోంది. ఒక్కో అర్థానికి ఒక్కో కార్డు. ఒక మాటకి రెండు మూడు అర్థాలుంటే, ఏది ముందు రావాలో కార్డు మూల ఎర్ర పెన్సిలుతో అంకె వేస్తారు. ఎర్ర అంకె పడిందంటే ఇక మార్చడానికి వీల్లేదు. సంపాదకులు మాత్రమే ఎర్ర పెన్సిలు పట్టుకుంటారు. రెండేళ్ళుగా నేను కార్డులు వరసలో సర్దుతున్నాను. ప్రూఫులు తీస్తున్నాను. నన్నందరూ "కార్డులమ్మాయ్" అంటారు.

11.20కి పెద్దాయన పిలిచారు. పెద్దాయన అంటే మా ప్రధాన సంపాదకులు. బల్లమీద ఎర్ర పెన్సిలు నా వైపు దొర్లించారు.

"ఒక మాట నీకిస్తున్నాను. ఎఫ్లోరెసెన్స్. రసాయనంలో ఒక అర్థం, వృక్షశాస్త్రంలో ఇంకో అర్థం. ఏది ముందో నువ్వే తేల్చు. ఇరవయ్యారో తారీఖు సమావేశంలో లేచి నిలబడి, ఎందుకో చెప్పు. చెప్పగలిగితే సహాయ సంపాదకురాలివి."

"చెప్పలేకపోతేనండీ?"

"కార్డులు ఎక్కడికీ పోవు." కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఈ పుస్తకం మళ్ళీ అచ్చయ్యేది ముప్ఫై ఏళ్ళకి. అప్పటిదాకా పిల్లలు చదివేది నువ్వు వేసిన అంకె."

నోటిదాకా వచ్చింది. మింగేశాను. "సంతోషమండీ" అన్నాను.

రెండు అర్థాలూ ఇక్కడే రాసుకుంటాను, మళ్ళీ వెతుక్కోనక్కర్లేకుండా.

రసాయనం: కొన్ని స్ఫటికాలు గాలి తగిలితే తమలోని నీరు పోగొట్టుకుని, తెల్లగా పొడిబారతాయి. తడి ఇటుకల్లోంచి ఉప్పు పైకొచ్చి గోడమీద తెల్లగా పేరుకున్నా అదే మాట.

వృక్షశాస్త్రం: మొక్క పూయడం. పూసే కాలం.

పేజీలో ఒక్క బొమ్మకే చోటుంది. ఏ అర్థం ముందొస్తే దానికే బొమ్మ.

సరేలు: సున్నా. సహాయ సంపాదకురాలు. సహాయ సంపాదకురాలు. రెండుసార్లు రాసుకున్నా కాగితం చిరగలేదు.


మార్చి 4, బుధవారం

మా గదిలో మూడు బల్లలు. ఎడమ పక్క రసాయనం సార్. కుడి పక్క మొక్కల మేడమ్. మధ్యలో నేను. వాళ్ళిద్దరికీ పదకొండేళ్ళ కిందట ఏదో మాట దగ్గర మాటలాగిపోయాయి. ఇప్పుడు వాళ్ళకున్న తోవ నేనొక్కదాన్నే.

ఉదయం 10.05.

"ఏమ్మా, ఎఫ్లోరెసెన్స్ నీకిచ్చారటగా. రసాయనమే ముందని ఆవిడకి చెప్పు" అన్నారు సార్. ఆవిడ ఆరడుగుల దూరంలో ఉంది.

నేను కుడివైపు తిరిగాను. "మేడమ్..."

"వినిపించింది. ఆ మాట పుట్టిందే పువ్వులోంచి అని ఆయనకి చెప్పు."

ఎడమవైపు తిరిగాను.

"నాకూ వినిపించింది. నువ్వేమంటావో చెప్పు."

"ఆలోచించి చెప్తానండీ!"

అన్నాను! ఇద్దరూ తలెత్తి చూశారు, గోడకున్న గడియారం మాట్లాడినట్టు.

సరేలు: సున్నా. అమ్మమ్మకి చెప్పాను. "ఏం ఆలోచిస్తావు?" అంది. అది ఇంకా ఆలోచించలేదు.


మార్చి 6, శుక్రవారం

బొమ్మలాయన, అంటే మా చిత్రకారుడు, చూడందే గీయడు. "ఎదురుగా ఉండాలి. కనిపించింది గీస్తాను, కనిపించనిది గీయను" అంటాడు. ఏ అర్థం ముందో తేలలేదు కాబట్టి రెండూ సిద్ధంగా ఉంచమన్నాడు.

సార్ ఒక గాజు పళ్ళెంలో వాషింగ్ సోడా గడ్డలు తెచ్చి నా కిటికీలో పెట్టారు. పటికబెల్లంలా మెరుస్తున్నాయి. మేడమ్ ఒక మట్టికుండీలో చామంతి తెచ్చి దాని పక్కనే పెట్టారు. మూడు మొగ్గలు.

సార్: "కిటికీ తెరిచే ఉంచమ్మా. పొడిగాలి తగలాలి."

మేడమ్: "కిటికీ మూసే ఉంచు. ఎండగాలికి మొగ్గ మాడిపోతుంది."

సార్‌తో "అలాగేనండీ" అన్నాను. మేడమ్‌తో "మంచిదండీ" అన్నాను.

నియమాలు మళ్ళీ చదివాను. "అలాగే" అన్న మాట అందులో లేదు. "మంచిది" కూడా లేదు. సరేలు: సున్నా.

కిటికీ ఎవరు గదిలో ఉంటే వాళ్ళ ఇష్టప్రకారం. ఇద్దరూ ఉన్నప్పుడు సగం.


మార్చి 9, సోమవారం

మధ్యాహ్నం 3.10. రాయడానికి సిగ్గుగా ఉంది. వరసగా రాస్తాను.

మేడమ్ భోజనానికి వెళ్ళింది. సార్ తన కార్డు తీసుకుని నా బల్ల దగ్గరికొచ్చారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఎప్పుడూ కూర్చోరు.

"వచ్చే ఏడు రిటైరవుతున్నానమ్మా. ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. ఏ మాట తీసుకున్నా రసాయనం రెండోదో మూడోదో. ఒక్కసారి, ఒక్క మాటకి, మొదటిది కావాలని ఉంది. మళ్ళీ అచ్చు ముప్ఫై ఏళ్ళకి కదా. అప్పటికి నేనుంటానా?"

కార్డుని రెండు చేతులా పట్టుకుని నా వైపు చాచారు.

"సరేనండీ" అన్నాను.

ఎర్ర పెన్సిలుతో ఒకటి వేశాను. పక్కన ఆయన పొడి సంతకం చేశారు. వెళ్తూ నా బల్లమీద చాక్లెట్ పెట్టారు.

సరేలు: ఒకటి. కానీ ఇది జాలితో అన్నది. జాలి కోసం వేరే వరస పెట్టాలేమో.

మేలు కూడా ఉంది: తేలిపోయింది! రసాయనం ముందు. కారణం తర్వాత వెతుక్కోవచ్చు. ఇంకా పదిహేడు రోజులుంది.


మార్చి 10, మంగళవారం

ఉదయం 9.50. సార్ ఇంకా రాలేదు. మేడమ్ వచ్చింది.

"ఏమే, నిన్న నేను లేనప్పుడు ఆయన నీ బల్ల దగ్గర కూర్చున్నాడట?"

"అవునండీ."

"ఏమడిగాడు?"

"కిటికీ గురించండీ." (అబద్ధాల లెక్క రాసుకోవాలని నియమాల్లో లేదు.)

"నేనేం అడగను. అడిగే అలవాటు లేదు. నీ బుద్ధికి ఏది తోస్తే అది వెయ్యి." కార్డు నా ముందు పెట్టింది. పెన్సిలు నా వేళ్ళ మధ్య పెట్టింది. చేతులు కట్టుకుని నిలబడింది. "ఊఁ. వెయ్యి. నేను చూడ్డం లేదు."

చూస్తోంది.

ఆవిడ చేతులు కట్టుకుంటే అచ్చం మా లెక్కల సిస్టర్.

ఒకటి వేశాను.

"నేనెప్పుడూ అంటాను, ఈ ఆఫీసులో మెదడున్నది నీకేనని" అని పొడి సంతకం చేసింది.

ఈసారి "సరేనండీ" అనలేదు. నోరే విప్పలేదు. కాబట్టి సరేలు: సున్నా. తల ఊపానా? గుర్తులేదు.

కార్డుల పెట్టెలో ఇప్పుడు ఎఫ్లోరెసెన్స్ కింద రెండు కార్డులు. రెండిటి మీదా ఎర్ర ఒకటి. ఈ ఆఫీసులో ఇలా ఇంతకుముందు జరిగిందా అని పాత పెట్టెలన్నీ చూశాను. జరగలేదు.


మార్చి 13, శుక్రవారం

ప్రూఫు అడిగారు. ఇద్దరూ. వేరువేరుగా.

ప్రూఫులు తీసేది నేనే కాబట్టి రెండు తీశాను. ఒకదాంట్లో రసాయనం ముందు. ఒకదాంట్లో పువ్వు ముందు. ఎవరిది వాళ్ళకి కవరులో పెట్టి ఇచ్చాను. వాళ్ళిద్దరూ మాట్లాడుకోరు. ఎవరి కాగితం ఎవరూ చూడరు. పదకొండేళ్ళ కోపం మొదటిసారి ఎవరికో ఒకరికి పనికొచ్చింది.

సార్ ప్రూఫు నాలుగుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. పువ్వుని పెట్టుకున్నంత మెల్లగా.

ఇది తాత్కాలికం. సోమవారం ఇద్దరికీ నిజం చెప్పేస్తాను.

ఇంట్లో:

"ఈ వారం ఎన్ని సరేలే?" అంది అమ్మమ్మ.

"ఒకటిన్నర."

"అర ఏమిటి?"

"నోరు విప్పకుండా."

"అది ఒకటిన్నర కాదు, రెండు. మొదటిదానికన్నా రెండోదే పెద్దది."


మార్చి 16, సోమవారం

చెప్పలేదు. సార్ కొత్త చొక్కా వేసుకొచ్చారు. కొత్త చొక్కా రోజున చెప్పకూడదు.

సోడా గడ్డల అంచులు తెల్లబడ్డాయి. "చూశావా, మొదలైంది!" అన్నారు సార్. చామంతి మాత్రం నీరసంగా ఉంది. "రోజూ పొద్దున్నే ఒక గ్లాసు నీళ్ళు పొయ్యి" అంది మేడమ్.

"అలాగేనండీ."

సరేలు: మొక్కకి సంబంధించినవి లెక్కలోకి రావు.


మార్చి 17, మంగళవారం

చెప్పలేదు. మేడమ్‌కి తలనొప్పి.

బొమ్మలాయన వచ్చి కుండీ చుట్టూ తిరిగాడు. "వాడిపోతే వాడిపోయినట్టే గీస్తాను. నా తప్పు కాదు. సాయంత్రం కూడా ఒక గ్లాసు పొయ్యండి" అన్నాడు.

"సరేనండీ."

పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. మా ఆఫీసు కుళాయి నీళ్ళు నోట్లో పోసుకుంటే నాలుక ముడుచుకుంటుంది, అంత ఉప్పు. మొక్కని నన్నెవరూ అడగమనలేదు.


మార్చి 19, గురువారం

చెప్పలేదు. గురువారం.

నియమాలకి సవరణలు:
(అ) మర్యాదకి అన్న సరే, సరే కాదు.
(ఆ) ఫోనులో అన్నవి సగం.
(ఇ) తనకన్నా పెద్దవాళ్ళతో అన్నవి లెక్కలోకి రావు. (ఆఫీసులో నాకన్నా చిన్నవాళ్ళు లేరు.)

సవరణల ప్రకారం ఈ నెల సరేలు: సున్నా. చూడ్డానికి బాగుంది. చదవడానికి బాగాలేదు.


మార్చి 20, శుక్రవారం

ఉదయం. చెప్పడానికే వెళ్ళాను. బూట్లు మడమ కొరుకుతున్నా వేగంగా నడిచాను.

"సార్, ఒక మాట..."

"నేనే పిలుద్దామనుకున్నాను. మా ఆవిడకి ప్రూఫు చూపించానమ్మా. ఫ్రేము కట్టిద్దామంది. అచ్చయిన పేజీ ఒకటి ఎక్కువ ఇప్పించగలవా?"

"...సరేనండీ."

మధ్యాహ్నం. మేడమ్ దగ్గరికి వెళ్ళాను.

"మేడమ్, ఒక మాట..."

"ఇరవయ్యారున ఆయన మొహం ఎలా ఉంటుందో చూడాలి. నువ్వు నా పక్కన కూర్చో."

"సరేనండీ."

తర్వాత సార్ కూడా తన పక్కన కూర్చోమన్నారు. దానికి ఏమన్నానో రాయక్కర్లేదు.

సరేలు: మూడు. సవరణలు కొట్టేశాను. అవి చదివితే చెప్పుల దుకాణంవాడి గొంతు వినిపిస్తోంది.


మార్చి 23, సోమవారం

రెండు మొగ్గలు రాలిపోయాయి. ఒక్కటి మిగిలింది. దాని మీదే బతుకుతున్నాను.

ఇంకో దరిద్రం. కుండీ పక్కలకి తెల్లగా ఏదో పట్టింది. అడుగు చుట్టూ. గుడ్డతో తుడిచాను. సాయంత్రానికి మళ్ళీ వచ్చింది. గోరుతో గీశాను. పొడి. నాలుకకి రాసుకుని చూశాను (ఎవరూ చూడలేదు). ఉప్పు.

మేడమ్ కుండీ పాడుచేశాను. తెల్లబడిన వైపు గోడకి తిప్పాను. రేపటికి రెండో వైపు కూడా తెల్లబడింది అనుకో, అప్పుడు ఎటు తిప్పాలి?


మార్చి 24, మంగళవారం

రెండో వైపు తెల్లబడింది.

బొమ్మలాయన పొద్దున్నే వచ్చాడు. మొగ్గ విచ్చింది! చిన్నదే. పసుపు. నేను కుండీకి అడ్డంగా నిలబడ్డాను.

"కొంచెం జరగండి."

"పువ్వు వరకే గీస్తారా అండీ?"

"కనిపించింది గీస్తాను."

జరిగాను. రెండు గంటలు గీశాడు. తర్వాత సోడా పళ్ళెం వైపు చూశాడు. గడ్డలన్నీ తెల్లటి పొడి అయిపోయి ఉన్నాయి. "ఇది గీయడానికేముంది? పిండి గీసినా ఇలాగే ఉంటుంది" అని వెళ్ళిపోయాడు.

బొమ్మ నా బల్లమీద వదిలేశాడు. బోర్లించి పెట్టాను. చూడలేదు.


మార్చి 25, బుధవారం

రేపే.

సాయంత్రం 5.30. అమ్మమ్మకి మొత్తం చెప్పాను. బూట్ల దగ్గర నుంచి కుండీ దాకా. బియ్యం ఏరడం ఆపలేదు.

"ఇద్దర్నీ బాధపెట్టకూడదనుకున్నావు."

"ఊఁ."

"ఇప్పుడు ఇద్దర్నీ ఒకేసారి బాధపెడతావు. నలుగురి ముందు."

"ఊఁ."

"సరే, అది వదిలెయ్. ఇంతకీ ఏది ముందు రావాలే?"

ఇరవై రెండు రోజులు. ఈ ప్రశ్న నన్ను నేను ఒక్కసారి కూడా అడగలేదు.

6.10. ఆఫీసు నుంచి సంచిలో తెచ్చుకున్న బొమ్మ తిప్పి చూశాను. చాలాసేపు చూశాను.

ఆగమ్మా. ఆగు. ఆగు.


మార్చి 26, గురువారం

మధ్యాహ్నం 2.00. అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

11.00. సమావేశం గది. సార్ ఎడమ పక్క కుర్చీ చూపించారు. మేడమ్ కుడి పక్క కుర్చీ చూపించింది. నిలబడ్డాను.

పెద్దాయన: "ఎఫ్లోరెసెన్స్. ఏది ముందు?"

నేను నోరు తెరిచేలోపు సార్ జేబులోంచి ప్రూఫు తీసి బల్లమీద పరిచారు. అదే క్షణాన మేడమ్ కవరులోంచి ప్రూఫు తీసి పరిచింది. రెండు కాగితాలూ పక్కపక్కన. ఒక మాట, రెండు పేజీలు.

మేడమ్ మెల్లగా మెడ తిప్పింది. పదకొండేళ్ళ తర్వాత, సూటిగా సార్ మొహంలోకి చూసింది.

"మిమ్మల్ని కూడా మోసం చేసిందా?" అంది.

"మీకు కూడా సరేనందా?" అన్నారు సార్.

"సరే అనలేదు. అంకె వేసింది."

"నాకు రెండూ చేసింది."

"ఎంత నెమ్మదిగా కనిపిస్తుందండీ!"

"అదేనండీ! నోట్లో నాలుక లేనట్టు!"

పెద్దాయన నా కార్డుల పెట్టె దగ్గరికి లాక్కున్నారు. రెండు కార్డులు తీశారు. రెండు ఎర్ర ఒకట్లు. కళ్ళజోడు తీసి, పెట్టుకుని, మళ్ళీ చూశారు.

"నలభై ఏళ్ళ సర్వీసులో ఇది చూడలేదు" అన్నారు. "ఎందుకు చేశావని అడగను. తెలుస్తూనే ఉంది. నేను ఇరవై మూడు రోజుల కిందట అడిగిందే అడుగుతున్నాను. ఏది ముందు?"

"పువ్వండీ."

నా గొంతే. గదిలో చివరిదాకా వినిపించింది.

"నాకు మాటిచ్చావుగా అమ్మా" అన్నారు సార్. కోపంగా అని ఉంటే బాగుండేది.

"ఇచ్చానండీ. అది జాలితో ఇచ్చాను. మీకు జాలి అక్కర్లేదు. మేడమ్‌కి భయంతో ఇచ్చాను. అది కూడా లెక్కలోకి రాదండీ."

"మరి పువ్వెందుకు ముందు?" అంది మేడమ్. గెలిచింది తనే అయినా గొంతులో అనుమానం.

"పాతదని కాదండీ. చదివేది పిల్లలు కదా. పువ్వు పూయడం చూడని పిల్ల ఉండదు. ఉప్పు గోడమీదికి పొంగితే ఆ మాటే ఎందుకు పెట్టారో, ముందు పువ్వు తెలిస్తే దానంతటదే తెలుస్తుంది. ఉప్పు ముందు పెడితే పువ్వు అర్థం కాదని కాదు, ఉప్పు అర్థం కాదు. సార్ అర్థం పిల్లలకి అందాలంటే అది రెండోది కావాలండీ."

సార్ ప్రూఫు మడిచారు. చొక్కా జేబులో పెట్టుకోలేదు. బల్లమీదే ఉంచారు.

"బొమ్మ కూడా పువ్వుదేనన్నమాట" అన్నారు.

"లేదండీ."

లేదండీ! పెద్దవాళ్ళ మొహం మీద, వణక్కుండా! బొమ్మ తీసి బల్ల మధ్యలో పెట్టాను.

బొమ్మలాయన కనిపించింది గీశాడు. పైన ఒక్క చామంతి. కింద మట్టికుండీ. కుండీ పక్కల నిండా, మట్టిలోంచి పైకి పొంగిన తెల్లటి ఉప్పు, గీతా గీతా, పొరా పొరా. ఒక్క బొమ్మలో రెండు అర్థాలూ. ఇద్దరి బొమ్మా.

సార్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, బొమ్మ మీదికి వంగారు.

"ఇది... ఇది నాదే. ఇటుకలోంచి వచ్చే రకం. అక్షరాలా ఇదే" అన్నారు. వేలితో తెల్లటి చోటు తాకబోయి ఆగారు. "పళ్ళెంలోదానికన్నా బాగుంది."

మేడమ్ కూడా వంగింది. "నా కుండీకి ఇంత ఉప్పెలా పట్టింది? రోజుకెన్ని గ్లాసులు పోశావే?"

"రెండండీ. పొద్దున మీ మాట. సాయంత్రం బొమ్మలాయన మాట."

"రెండు మొగ్గలు అందుకే రాలాయి!"

"అవునండీ. మీ మొక్కకి చేటు చేశాను. కొత్తది తెస్తాను."

పెద్దాయన నవ్వలేదు. బొమ్మ కింద తనే పెన్సిలుతో రాశారు: పైన పువ్వు, పక్కన ఉప్పు. తర్వాత సార్ కార్డు మీది ఎర్ర ఒకటి చెరపడానికి రబ్బరు తీసుకున్నారు. ఎర్ర పెన్సిలు చెరగదు. కొత్త కార్డు ఇచ్చి, "రెండు వెయ్యి. ఆయన ఎదురుగా" అన్నారు.

సార్ ఎదురుగా వేశాను. ఆయన పొడి సంతకం చేశారు. సంతకం చేస్తూ, నాకు మాత్రమే వినిపించేలా, "రెండో స్థానమే ఇచ్చినా, కారణం చెప్పి ఇచ్చావు. ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదమ్మా" అన్నారు.

ఆయన పాత కార్డు, ఒకటి వేసినది, నన్నడిగి తీసుకెళ్ళారు. ఫ్రేము దానికి కట్టిస్తారట.

పెద్దాయన తీర్పు: "అంకె సరిగ్గానే వేశావు. రెండుసార్లు వేశావు, అది బాగాలేదు. సహాయ సంపాదకురాలి సంగతి ఇంకో ముప్ఫై రోజుల తర్వాత చూద్దాం. పెన్సిలు మాత్రం నీ దగ్గరే ఉంచుకో. ఏమంటావు?"

సాయంత్రం 6.30. ఏమన్నానో అమ్మమ్మకి చెప్పలేదు. ఆవిడ అడగనూ లేదు. నా మొహం చూసి, "దానికి మాత్రం అనొచ్చులే" అంది.


మార్చి 27, శుక్రవారం

అచ్చు పేజీ వచ్చింది. రెండు ప్రతులు ఎక్కువ తీయించాను. ఒకటి సార్‌కి. ఒకటి నాకు. ఇంత చిన్న కుండీ. బొటనవేలంత. ముప్ఫై ఏళ్ళు ఉంటుంది.

సార్, మేడమ్ మాట్లాడుకుంటున్నారు. రోజంతా. నా తల మీదుగా. ఎక్కువగా నా గురించే.


మార్చి 30, సోమవారం

ఉదయం 6.40. కొత్త పేజీ. పాత పెన్ను. నిన్న బూట్ల దుకాణానికి వెళ్ళి ఒక సైజు పెద్దవి మార్పించుకొచ్చాను. అతను "ఇవి కూడా వాడితే సాగుతాయి" అన్నాడు. "సాగనక్కర్లేదండీ" అన్నాను!

తీర్మానం: ఇవాళ్టి నుంచి ముప్ఫై రోజులు "సరేనండీ" అనను. సవరణలు లేవు. అలాగే, మంచిది, ఊఁ, మౌనం, అన్నీ లెక్కే. ఒక్క కొత్త నియమం: నోరు తెరిచేముందు, ఇంతకీ ఏది ముందు అని నన్ను నేను అడగాలి. మొదటి రోజు!

సాయంత్రం 5.45. మధ్యాహ్నం సార్, మేడమ్ కలిసి నా బల్ల దగ్గరికొచ్చారు. కలిసి! ఇద్దరి చేతుల్లోనూ కార్డుల కట్టలు.

"మేమిద్దరం అనుకున్నామమ్మా," అన్నారు సార్. "నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. మా పాత కార్డులన్నీ కాస్త శుభ్రంగా తిరగరాస్తావా?"

"ఆరువందలే" అంది మేడమ్.

గట్టిగా ఊపిరి పీల్చాను. ఇంతకీ ఏది ముందు? నా పని ముందు.

"ఆలోచించి చెప్తానండీ."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గెలిచాను! కొత్త బూట్లలో కాలివేళ్ళు కూడా కదిలాయి.

"మంచిది. తొందరేం లేదు," అంది మేడమ్. "రేపు పొద్దున్నే చెప్పేయ్."

"సరేనండీ."

ఇవాళ్టి సరేలు: 1. ఎర్ర పెన్సిలుతో వేశాను. ఇక మార్చడానికి వీల్లేదు.

రేపు మొదటి రోజు.